బతికుండగానే వచ్చిన బీమా డబ్బు

బీమా డబ్బు మనిషి పోతేనే గాని రాదని నీలంవలస నరసింగరావు పెళ్ళానికి పదిహేనేళ్ళపాటు చెబుతూ వచ్చాడు. అది పచ్చి అబద్ధమని అతనికి తెలుసు. గడువు నిండేదాకా బతికుంటే బోనసుతో సహా మొత్తం సొమ్ము కట్టినవాడి చేతికే వస్తుందని, పాలసీ కట్టించిన రోజునే ఏజెంటు గణపతిరావు అరుగు మీద కూర్చుని విడమరచి చెప్పాడు. ఆ మాటలు జరుగుతున్నప్పుడు తాయారు పెరట్లో తాడు తెంపుకున్న దూడ వెనకాల పరిగెడుతోంది. ఆ దూడ కాస్సేపు బుద్ధిగా నిలబడి ఉంటే ఈ కథే లేదు.

అబద్ధం ఎలా పుట్టిందో చెప్పాలి. పాలసీ కట్టిన రెండో ఏడే వానలు మొహం చాటేశాయి. కంతు కట్టడానికి చేతిలో పైసా లేదు. కట్టకపోతే కట్టింది కూడా పోతుందని గణపతిరావు హడలగొట్టాడు. తాయారు మెడలో పుట్టింటివాళ్ళు పెట్టిన గుళ్ళపేరు ఉండేది. బంగారు గుళ్ళు, ఒక్కొక్కటీ శనగగింజంత. నరసింగరావు దాన్ని రాజాంలో అమ్మేసి, బీమా డబ్బు రాగానే అంతకంత చేయిస్తానని మాటిచ్చాడు. ఆ మాట ఇచ్చినప్పుడు మాత్రం నిజంగానే ఇచ్చాడు.

ఏడాది తిరక్కుండానే తాయారు అడగడం మొదలెట్టింది.

"మావా, ఆ బీమా డబ్బెప్పుడొస్తాదేటి?"

అన్నం తింటున్నవాడు విసుక్కుని, "నేను సచ్చినాక వస్తాది," అన్నాడు.

నోటికొచ్చిన మాట అనేశాడు గాని, దాని పనితనం చూసి అతనే నివ్వెరపోయాడు. తాయారు గరిటె కింద పడేసి, "అలాటి డబ్బు నాకొద్దు. గుళ్ళపేరూ వద్దు," అని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు. ఎత్తితే మొగుడి చావు కోరినట్టవుతుంది మరి. ఇంత మంచి మందు చేతిలో ఉండి ఇన్నాళ్ళూ వాడుకోలేదే అని నరసింగరావు ముచ్చటపడిపోయాడు. అప్పట్నించి ఆవిడ తన బోసిమెడ ఒకసారి తడుముకున్నా చాలు, "బీమా డబ్బొస్తే సేయించుకుందువులే," అని పెద్ద నిట్టూర్పు విడిచేవాడు. ఆవిడ రెండు చెవులూ మూసుకునేది.

ఊరు కూడా అతని మాటే నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? నీలంవలసకి అంతవరకూ బీమా డబ్బు రెండేసార్లు వచ్చింది, రెండుసార్లూ బొట్టు చెరిపేసుకున్న ఆడవాళ్ళ చేతికే వచ్చింది. రెండుసార్లూ తెచ్చింది గణపతిరావే. అందుకని వీధి మొదట్లో అతని నల్లగొడుగు కనిపిస్తే ఆడవాళ్ళు ఇంట్లో మగవాళ్ళు ఎవరెక్కడున్నారో ఓసారి చూసుకునేవారు. వెనకాల అతన్ని యముడి గుమాస్తా అనేవారు.

అరవై ఎనిమిదో సంవత్సరం వైశాఖంలో పాలసీ గడువు నిండింది. రెండువేల పాలసీ, బోనసు పైన. నరసింగరావు చాటుగా రాజాం వెళ్ళి సంతకాలు పెట్టొచ్చాడు. చెక్కు ఇంటికి రాకుండా రాజాంలో ధాన్యం కొట్టు నడిపే స్నేహితుడు చినబాబు చిరునామాకి వచ్చేట్టు ఏర్పాటు చేశాడు. ఎందుకంటే ఆ డబ్బు అప్పటికే అతని బుర్రలో ఖర్చయిపోయింది. గరివిడి ఫ్యాక్టరీలో ఒక ఆఫీసరుకి బదిలీ అయింది. ఆయన దగ్గర ఎర్రటి మోటారుసైకిలు ఉంది. దాని మీద కూర్చుని, తలకి రుమాలు కట్టుకుని, రాజాం సంతలోకి డబడబమంటూ వెళ్తున్నట్టు నరసింగరావుకి పట్టపగలే కలలొస్తున్నాయి.

చెక్కు నేడో రేపో వస్తుందనగా, బేరం ఖాయం చేసుకోవడానికి ఒకరోజు పొద్దున్నే బయలుదేరాడు.

"ఏటి మావా, ఇస్త్రీ సొక్కా తొడిగావు. ఎక్కడికెల్తన్నావు?" అంది తాయారు.

"రాజాం. ధాన్యం బేరం."

"ధాన్యం అమ్మీసి శానా దినాలయ్యింది కాదేటి?"

"వచ్చే పంటకి ఇప్పట్నించే మాటాడుకోవాల."

"ఇంకా దుక్కే దున్నలేదు."

"అందుకే, దున్నీలోగా మాటాడేస్తే ఆ పని అయిపోతాది," అని చెప్పులేసుకుని మరో ప్రశ్న రాకుండా వీధిలో పడ్డాడు.

గరివిడిలో బేరం కుదిరింది. వంద రూపాయలు బయానా ఇచ్చాడు. అంతటితో తిరిగొచ్చేస్తే బాగుండేది. ఎక్కి చూస్తానన్నాడు. "మీకు తొక్కడం వచ్చా?" అని ఆఫీసరు అడిగాడు. "సైకిలొస్తే ఇదీ వచ్చినట్టే కదండీ," అన్నాడు నరసింగరావు. బండి మాత్రం ఆ మాటకి ఒప్పుకోలేదు. అతన్ని వీపు మీద వేసుకుని మైదానమంతా తిప్పి, ఎలా ఆపాలో అతను కనుక్కునేలోగా ఒక నల్లటి మాంగనీసు రాయి గుట్టలో పడేసింది.

బండికేమీ కాలేదు. ఇతనికి గడ్డం చిట్లింది. కాంపౌండరు మందు రాసి, గడ్డం కిందనుంచి నడినెత్తిదాకా తెల్లటి గుడ్డ చుట్టి ముడేశాడు. ఒంటిమీదా మొహంమీదా నల్లటి దుమ్ము అలాగే ఉంది. కడుక్కుందామంటే గుడ్డ తడపొద్దన్నాడు కాంపౌండరు. ఆ అవతారంతోనే బస్సెక్కి, పొద్దు వాలే వేళకి నీలంవలస అడ్డరోడ్డు దగ్గర దిగాడు.

అక్కడ ఒక ఎడ్లబండి ఊళ్ళోకి మళ్ళుతోంది. తోలేవాడు పొరుగూరి లక్ష్ముడు. బండిలో పచ్చివెదుళ్ళు, కొబ్బరితాడు చుట్ట, ఒక కొత్తకుండ ఉన్నాయి. ఒళ్ళు నొప్పులతో ఉన్నవాడు మరేం చూసుకోకుండా ఎక్కేశాడు. లక్ష్ముడు కూడా ఈ నల్ల మొహంలో ఎవరున్నారో పోల్చుకోలేదు.

"ఎవులింట్లోరా సావు?" వెదుళ్ళూ కొత్తకుండా అప్పుడు చూసి, దవడ కదలక పళ్ళ సందునుంచి అడిగాడు నరసింగరావు.

"నరసింగరావుగారని, ఈ ఊరి రైతు బాబూ. ఆయనే పోనారు."

నరసింగరావు ఊళ్ళో ఆ పేరుగలవాడు ఇంకొకడు ఎవడైనా ఉన్నాడేమోనని వీధి వీధీ తలచుకున్నాడు. ఎవడూ లేడు.

"ఎవులు సెప్పినారు?"

"ఎవులో సెప్పాలేటి బాబూ. ఆయన బీమా డబ్బు వచ్చీసింది."

"డబ్బొస్తే సచ్చిపోయినట్టేనా?"

లక్ష్ముడు జాలిగా వెనక్కి తిరిగి చూశాడు. "మనిషి పోకుండా డబ్బు ఎవులిస్తారు బాబూ? ఆ మాట నరసింగరావుగారే అందరికీ సెప్పీవోరట."

నరసింగరావు పదిహేనేళ్ళు కష్టపడి నాటిన మాట అది.

"శవం ఏదీ మరి?"

"అదొక్కటే దొరకలేదు. రైలు కింద పడ్డారని కొందరంటన్నారు. రాజాంలో వడదెబ్బ కొట్టిందని కొందరంటన్నారు. ఏదైతేనేటి, డబ్బొచ్చింది గాబట్టి మనిషి పోడం ఖాయం. శవానిదేముంది, నిదానంగా వస్తాది."

నరసింగరావు గుట్టుగా ఎడంచేతి నాడి పట్టుకు చూసుకున్నాడు. కొట్టుకుంటోంది. కాస్త ధైర్యం వచ్చి, "మనిషి ఎలాటోడు?" అని అడిగాడు.

"పోనోళ్ళ గురించి సెడ్డగా సెప్పకూడదు బాబూ," అని లక్ష్ముడు ఎడ్లని అదిలించాడు.

అసలు ఊళ్ళో జరిగింది ఇది. చెక్కు చినబాబు కొట్టుకి చేరిందని నరసింగరావు కంటే గణపతిరావుకి ముందే తెలిసింది. అతనికి ఇది పండగ. నీలంవలసలో బతికున్నవాడికి బీమా డబ్బు రావడం ఇదే మొదలు. ఈ సంగతి నలుగురికీ తెలిస్తే యముడి గుమాస్తా అన్న మచ్చ పోయి, ఊళ్ళో ఇంకో పది పాలసీలు తెగుతాయని ఆశపడ్డాడు. నరసింగరావు వెళ్ళిన కాసేపటికే గొడుగేసుకుని వచ్చి, అరుగు మీద వత్తులు చేసుకుంటున్న జగ్గమ్మకి నవ్వుమొహంతో చెప్పాడు, "మీ మేనల్లుడి బీమా డబ్బు వచ్చేసిందండీ" అని.

జగ్గమ్మ నరసింగరావుకి మేనత్త. అతన్ని చిన్నప్పట్నించీ పెంచింది. ఆవిడ నల్లగొడుగు వంక చూసింది, నవ్వుతున్న మొహం వంక చూసింది, వత్తుల పళ్ళెం వీధిలోకి విసిరేసి గుండెలు బాదుకుంది. గణపతిరావు తరువాత చెప్పిన మాటలు ఎవరికీ వినబడలేదు. మధ్యాహ్నానికి పది ఇళ్ళల్లో పొయ్యిలు ఆర్పేశారు. కట్టెలు కొట్టించారు. వెదుళ్ళకి లక్ష్ముడికి కబురెళ్ళింది. శ్రీకూర్మంలో ఉన్న తాయారు అన్న జగన్నాధానికి మనిషిని పంపారు. సెలవులకి అక్కడే ఉన్న పిల్లలిద్దరికీ అప్పుడే చెప్పొద్దని తాయారు అతనితో అంది. కబురు రాజాందాకా పాకి, చినబాబు ఏడ్చుకుంటూ వచ్చి చెక్కు కవరు తాయారు చేతిలో పెట్టి, మోటారుసైకిలు కోరిక తీరకుండానే పోయాడని ఆ సంగతి కూడా చెప్పేశాడు.

నరసింగరావుకి ఇవేమీ తెలియవు. తన ఇంటి ముందు బండి ఆగేసరికి వీధినిండా జనం. జగ్గమ్మ శోకాలు పెడుతోంది.

"అడిగినోళ్ళకి లేదనకుండా పెట్టే నా బాబు. పరాయి సొమ్ము ముట్టని నా బాబు. అబద్ధమంటే తెలీని నా తండ్రి."

ఎవరి గురించి చెబుతోందో అతనికి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్ళు చెమర్చాయి. బండి దిగి, "అత్తా," అన్నాడు.

జనం తల తిప్పారు. ఒళ్ళంతా బొగ్గులా ఉంది, కళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. శవానికి దవడ జారకుండా కట్టినట్టు గడ్డంనుంచి నెత్తిదాకా తెల్లగుడ్డ ఉంది. ఆ మనిషి దిగింది పాడె వెదుళ్ళ బండిలోంచి. అడుగుదూరంలో ఉన్నవాళ్ళు అరుగెక్కారు, అరుగు మీదివాళ్ళు చూరు పట్టుకున్నారు. లక్ష్ముడు తాను ఇంతసేపూ ఎవరితో మాట్లాడుతూ వచ్చాడో అప్పుడు తెలుసుకుని, ఎడ్లని అక్కడే ఒదిలేసి పొలాలకి అడ్డంపడి పరిగెత్తాడు. జగ్గమ్మ శోకం సగంలో మింగేసి, "ఎలగొచ్చినావు బాబూ?" అని అడిగింది.

"బస్సుకొచ్చాను."

"పైనుంచి బస్సున్నాదేటి?"

కదలకుండా ఉన్నది తాయారు ఒక్కర్తే. గుమ్మం పక్కన గోడకానుకుని కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతులకి గాజులు ఉన్నాయి, నుదుట బొట్టు ఉంది. అవి తీయబోయిన ముత్తైదువలతో, "శవాన్ని కళ్ళారా సూసినాక తీస్తాను," అందట. ఒళ్ళో చెక్కు కవరు ఉంది.

పురోహితుడు భావనారాయణ పంతులు ధైర్యం చేసి నాలుగడుగులు ముందుకొచ్చి, కర్రతో అతని భుజం పొడిచి చూశాడు. గట్టిగానే ఉంది. "బతికే ఉన్నావా నాయనా?"

"బతికే ఉన్నాను పంతులుగారూ. గడ్డం చిట్లిందంతే."

"మరి బీమా డబ్బెలా వచ్చింది?"

వీధంతా చెవులు రిక్కించింది. నరసింగరావు పెళ్ళాం వంక చూశాడు. ఆవిడ అతని వంకే చూస్తోంది. బతికున్నానని ఒప్పించాలంటే పదిహేనేళ్ళ అబద్ధం ఒప్పుకోవాలి. ఆ అబద్ధం నిలబెట్టుకోవాలంటే చచ్చిపోవాలి. మధ్యలో ఇంకేదైనా దారి ఉందేమోనని వెతుక్కున్నాడు.

"పొరపాటున వచ్చుంటాది," అన్నాడు.

చూరు కింద కూర్చున్న గణపతిరావు, "పొరపాటేమిటండీ," అని లేవబోయాడు. తాయారు అతని వంక ఒక్క చూపు చూసింది. అతను మళ్ళీ కూర్చున్నాడు.

"పొరపాటైతే మనకొద్దు," అంది తాయారు, లేచి కవరు చేత్తో పట్టుకుని. "ఏజెంటు బాబూ, పట్టుకెళ్ళిపోండి. సచ్చినోళ్ళకి రావలసిన సొమ్ము బతికున్నోళ్ళం తింటే అరగదు."

"ఉండు, ఉండు," అన్నాడు నరసింగరావు.

"ఉండడమేటి? నువ్వు బతికే ఉన్నావు కదా."

"ఉన్నాను."

"మరైతే ఇది మనది కాదు." కవరు గణపతిరావు చేతిదాకా వెళ్ళింది.

నరసింగరావు కళ్ళముందు ఎర్రటి బండి ఒకసారి డబడబలాడింది. "అది మనదే. బతికున్నోడికీ వస్తాది," అన్నాడు, గొంతు తగ్గించి.

"ఏటీ?"

"బతికున్నోడికీ వస్తాది."

"ఎప్పట్నించీ?"

"మొదట్నించీ."

ఊరు ఊరంతా కొయ్యబారిపోయింది. చచ్చినవాడు లేచొచ్చినప్పుడు కూడా వాళ్ళు అంత ఆశ్చర్యపోలేదు. జగ్గమ్మ ముక్కుమీద వేలేసుకుంది. ఆవిడ ఇందాకే అబద్ధమంటే తెలీని తండ్రీ అని ఏడ్చి ఉంది.

తాయారు గొంతు పెంచలేదు. "గుళ్ళపేరు అడిగితే నేను సస్తే వస్తాదన్నావు. అడగడం మానీసినాను. శ్రీకూర్మం ఎల్లినప్పుడల్లా గర్భగుడి ముందు నిలబడి, ఆ డబ్బు ఎప్పటికీ రానీకు సామీ అని మొక్కుకున్నాను. నా సొమ్ము నాకు రాకూడదని నేనే దేవుణ్ణి అడిగినాను మావా. నువ్వు పక్కనే నిలబడి దణ్ణం ఎట్టావు."

నరసింగరావుకి ఆ దణ్ణాలు అన్నీ గుర్తున్నాయి. తనూ ఏదో అడిగేవాడు, వానలో, ఎడ్లో. తల ఎత్తలేకపోయాడు. అయినా మగవాడు కదా, ఏదో ఒకటి అనాలి. "అయిందేదో అయింది. ఆకలేస్తంది, అన్నం పెట్టు," అని గుమ్మం వైపు నడిచాడు.

"ఆగు నాయనా," అన్నాడు పంతులు, కర్ర అడ్డం పెట్టి. "నీకోసం శోకాలు పెట్టారు. పొయ్యిలార్పారు. పాడెకి వెదుళ్ళు గుమ్మందాకా వచ్చాయి. శాస్త్రప్రకారం నువ్వు పోయినట్టే. పోయినవాడు నేరుగా ఇంట్లోకి వస్తే ఇంటికి కీడు."

"కాకి తలమీద తన్నితే సుట్టాలకి సావు కబురు పంపించి ఏడిపిస్తారు కదండీ. అలా ఏడిస్తే ఆయుస్సు పెరుగుతాదని మీరే సెప్పినారు."

"ఆ ఏడుపు వేరు. దానికి వెదుళ్ళు తేరు. ఏదీ, నిన్ను కాకి తన్నిందా?"

"లేదు. మోటారుసైకిలు తన్నింది."

"దానికి శాస్త్రంలో మినహాయింపు లేదు," అని పంతులు తేల్చేశాడు. "నువ్వు మళ్ళీ పుట్టాలి. నామకరణం జరగాలి. ఆ తర్వాత ఈవిడ మెడలో మళ్ళీ పుస్తె కట్టాలి. అంతవరకూ పశువులశాలే నీకు గతి."

నరసింగరావు నోరు తెరిచాడు. దవడ నొప్పెట్టి మూసేశాడు. సాయం చేస్తుందేమోనని తాయారు వంక చూశాడు. ఆవిడ చప్పున పైట తలమీదికి లాక్కుని గోడవైపు తిరిగింది.

"అత్తా, ఆ బాబెవరో గాని ఇటే సూస్తన్నారు," అంది. "పరాయి మగాళ్ళు అలా సూడకూడదని సెప్పు."

"ఒసే తాయారూ, ఆకలేస్తందే."

"నా పేరు కూడా తెలిసినట్టున్నాది అత్తా. పెళ్ళికాని మగాడికి నా చేత్తో అన్నమెట్టలేను. పక్కింటోళ్ళనడుగు."

పక్కింటివాళ్ళ పొయ్యి ఇతని చావుకే ఆరిపోయి ఉంది. ఆ రాత్రి అటుకులు నములుతూ, పాలసీ కట్టిననాడు తాడు తెంపుకున్న దూడ సంతానం మధ్యే పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే జగ్గమ్మ అతన్ని నేలమీద కూర్చోబెట్టి, నాలిక మీద తేనె రాసి, చెవిలో పేరు ఊదింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా జోలపాడడానికి వచ్చారు. వాళ్ళల్లో చాలామందికి నవ్వాగక పాట సాగలేదు. "ఈసారి వేరే పేరు ఎట్టుకోవచ్చు కదా, పాత పేరు అచ్చిరాలేదు," అని ఎవరో అన్నారు. నలభయ్యేళ్ళు దాటిన పసివాడు కిక్కురుమనలేదు.

ఆ తంతు ముగిసేవేళకి శ్రీకూర్మంనుంచి జగన్నాధం వచ్చాడు. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. అరుగు మీద తేనె మూతితో కూర్చున్న బావని చూసి స్తంభం పట్టుకుని నిలబడిపోయాడు. చెల్లెలు లోపలికి పిలిచి ఏం చెప్పిందో ఏమో, బయటికొచ్చినప్పుడు అతను బావమరిదిలా రాలేదు. ఉత్తరీయం సర్దుకుని, పెళ్ళికూతురి తరఫు పెద్దమనిషిలా వచ్చి చాప మీద కూర్చున్నాడు.

"అబ్బాయి ఏటి సేస్తుంటాడు?" అని జగ్గమ్మనడిగాడు.

"యవసాయం బాబూ."

"అబద్ధాలాడతాడని విన్నాం."

"పసితనం బాబూ. ఇవాళే పుట్టినాడు కాదేటి."

"ఒరే బావా, ఏటిరా ఇది?" అన్నాడు నరసింగరావు.

జగన్నాధం వినిపించుకోలేదు. "మా వైపు ఓలి ఇస్తేనే పిల్లనిస్తాం. మగపెళ్ళివారు పిల్లకి ఏం పెడతారో సెప్పండి."

"ఓలి అప్పుడే ఇచ్చాను కదరా, మొదటి పెళ్ళికి."

"అది ఇచ్చినోడు సచ్చిపోనాడు. నిన్న ఊరంతా ఏడ్సింది, నేను దారి పొడుగునా ఏడ్సినాను. నువ్వెవరో మాకు కొత్త." గొంతు సవరించుకుని అసలు మాట చెప్పాడు. "పిల్లకి గుళ్ళపేరు ఎట్టాల. ఎనకటి దానికి అంతకంత. పట్టుసీర పెట్టాల. నిన్న పొయ్యిలు ఆర్పుకున్న ఇళ్ళన్నిటికీ భోజనాలెట్టాల."

"నా దగ్గర అంత డబ్బెక్కడిది?"

"పిల్ల దగ్గరున్నాది," అన్నాడు జగన్నాధం. "చెక్కు మీద పేరు నీదే. ఎనకాల సంతకం ఎట్టు."

నరసింగరావు చినబాబు వంక చూశాడు. చినబాబు ఎటో చూస్తున్నాడు. గణపతిరావు వంక చూశాడు. అతను ఎంతో మర్యాదగా కలం మూత తీసి చేతికందించాడు.

రాజాం కంసాలి రాత్రింబవళ్ళు కూర్చుని గుళ్ళు పోశాడు. పాడెకి తెచ్చిన వెదుళ్ళు పెళ్ళిపందిరికి పనికిరావన్నాడు పంతులు. లక్ష్ముడు మళ్ళీ వెదుళ్ళు తెచ్చి రెండు బేరాల డబ్బులూ పుచ్చుకున్నాడు. ఈసారి దారిలో ఎవరినీ బండెక్కించుకోలేదట. గరివిడిలో ఇచ్చిన బయానా అక్కడే ఉండిపోయింది. అన్ని ఖర్చులూ పోగా పెళ్ళికొడుక్కి ఒక పొందూరు పంచె మిగిలింది. సెలవులకి మేనమామ ఇంటికి వెళ్ళిన పిల్లలిద్దరూ తల్లిదండ్రుల పెళ్ళి చూడడానికి బస్సు దిగి, పందిట్లో అందరికంటే ముందు వరసలో కూర్చున్నారు.

గణపతిరావు కోరిక తీరింది గాని, అనుకున్న తీరున తీరలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు పందిట్లో అతని చుట్టూ మూగి, తమ మొగుళ్ళు కూడా చాటుగా ఏమైనా పాలసీలు కట్టారా అని ఒక్కొక్కరే ఆరా తీశారు. కొందరు మగవాళ్ళు తాంబూలం తీసుకోకుండానే జారుకున్నారు.

పుస్తె కట్టే వేళయింది. నరసింగరావు పసుపుతాడు పట్టుకుని వంగాడు. గడ్డం మీది గుడ్డ తీసేశారు గాని దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. తాయారు మెడలో కొత్త గుళ్ళపేరు మెరుస్తోంది. ఎన్నేళ్ళుగానో చూసి అలవాటైపోయిన బోసిమెడ అది.

"తాయారూ," అన్నాడు మంత్రాల చప్పుడులో. "నేను సచ్చిపోలేదని నీకెప్పుడు తెలిసింది?"

"ముందు ముడి ఎయ్యి."

వేశాడు.

"అత్త ఏడుపు మొదలెట్టిన కాసేపటికి ఏజెంటు బాబు నన్ను పెరట్లోకి పిలిచి సెప్పినాడు. బతికున్నోళ్ళకే వచ్చిన డబ్బని, నువ్వే సంతకాలు ఎట్టావని."

"మరి ఊరంతా ఏడుస్తుంటే ఊరుకున్నావేటి?"

"నువ్వు ఇన్నేళ్ళూ ఊరుకోలేదేటి? నేను ఒక్క పూట ఊరుకున్నాను. సచ్చినోడు తిరిగొస్తే ఏటి సెయ్యాలని పంతులుగార్ని కూడా అప్పుడే అడిగీసినాను. రెండో ముడి ఎయ్యి, జనం సూస్తన్నారు."

రెండో ముడి వేశాడు. అతనికి ఇంకో సంగతి మిగిలిపోయింది. "మరైతే నీ కళ్ళు ఎర్రగా ఉన్నాయేటి ఆ దినం?"

జగ్గమ్మ అక్షింతల పళ్ళెం పట్టుకుని తొందరపెడుతోంది.

"ముందు నేనూ నమ్మీసినాను మావా," అంది. "నువ్వు సెప్పిన మాటే కదా, నమ్మనేటి? నువ్వు లేవనుకున్న ఆ కాసేపూ నాకు గుళ్ళపేరు గుర్తు రాలేదు. ఉన్నావని తెలిసిన ఎంటనే గుర్తొచ్చింది."

నరసింగరావు వేళ్ళు తాడు మీద ఆగిపోయాయి. పంతులు మంత్రం ఆపి, "ఏం నాయనా, మూడో ముడి?" అని గద్దించాడు.

మొదటి పెళ్ళిలో ఈ వేళకి సిగ్గుతో తల వంచుకుని కూర్చున్నది తాయారు. ఈసారి ఆవిడ తల ఎత్తి పందిరంతా కలయజూస్తోంది. నరసింగరావే తల వంచుకుని మూడో ముడి వేశాడు.